ముందుకు జరిపిన సీటు

పైలట్లను తయారుచేసే ఆ బడిలో ఆవిడ అసలు పేరు తెలిసినవాడు జీతాలు చూసే గుమాస్తా ఒక్కడేనేమో. మిగతా అందరికీ ఆవిడ మెకానిక్కమ్మ. మొదట్లో ఎవరో వెటకారానికి పెట్టిన పేరది. ఆడమనిషి స్క్రూడ్రైవర్ పట్టుకుని యంత్రాల కింద దూరడం అప్పట్లో వాళ్ళకి వింతగా ఉండేది. ఆవిడ ఆ వెటకారాన్ని విననట్టే ఉండి తన పని తాను చేసుకుపోయింది. ఏళ్ళు గడిచేసరికి వెటకారం అరిగిపోయింది, పేరు మాత్రం మిగిలింది.

ఆవిడ చేతికింద ఉన్నది ఒకే ఒక్క యంత్రం. ఇంగ్లీషులో సిమ్యులేటర్ అంటారు గానీ బడిలో అందరూ పెట్టె అనేవారు. విమానంలో పైలట్లు కూర్చునే గదిని కోసుకొచ్చి ఇనపకాళ్ళ మీద నిలబెడితే ఎలా ఉంటుందో అలా ఉండేది. లోపల రెండు సీట్లు, ఎదురుగా గడియారాల్లాంటి మీటర్లు, కిటికీల చోట తెరలు. సీటు ముందు, కారు స్టీరింగ్‌ని సగం కోసేసినట్టు ఒక పిడి. దాన్ని పక్కకి తిప్పితే తెరమీద ఆకాశం ఒరిగేది, కిందనున్న గొట్టాలు బుస్సుమని గది మొత్తం కూడా ఒరిగేది. గాల్లోకి లేవకుండానే కడుపులో తిప్పేది. పిల్లలు నిజం విమానం ఎక్కే ముందు ఇందులో నెగ్గాలి. ఇందులో దింపడం చేతకానివాళ్ళని నిజం రన్‌వే దరిదాపులకి కూడా రానిచ్చేవారు కాదు.

పెట్టె చాలా పాతది. దాని ఈడువన్నీ ఎప్పుడో తుక్కు కిందికి పోయాయి. దానికి విడిభాగాలు చేసే కంపెనీ కూడా మూతపడింది. అయినా ఇది నడుస్తోందంటే మెకానిక్కమ్మ చలవే అని కెప్టెన్ వచ్చిపోయేవాళ్ళందరికీ చెప్పేవాడు. కెప్టెన్ అంటే ఆ బడికి పెద్ద. ఏళ్ళ తరబడి విమానాలు నడిపి, రిటైరై, ఇప్పుడు పిల్లలకి పరీక్షలు పెడుతున్నాడు. ఆయన అలా పొగిడినప్పుడల్లా ఆవిడ "నాదేముంది లెండి" అని తల దించుకునేది గానీ, ఆ రోజంతా కాలు నేలమీద నిలిచేది కాదు. పొగడ్త ఎవరికి మాత్రం చేదు?

ఆవిడకి ఉన్నది ఒక్కటే జబ్బు. సాకు అన్న మాట వింటే ఒంటికాలి మీద లేచేది. అందుకు కారణం లేకపోలేదు. పనిలో చేరిన కొత్తలో ఏ దీపం వెలగకపోయినా, ఏ తెర ఆరిపోయినా, "ఆడవాళ్ళతో పనంటే ఇంతే, పని రాదు గానీ సాకులు మాత్రం వస్తాయి" అని ఆవిడ చెవిన పడేట్టు అనేవారు. అప్పుడే ఒట్టు పెట్టుకుంది, తను ఒక్క సాకు చెప్పకూడదని, ఇంకొకరు చెప్తే వినకూడదని. మంచి ఒట్టే. కాకపోతే నిజం చెప్పేవాళ్ళూ సాకు చెప్పేవాళ్ళూ వాడేది అవే మాటలని ఆవిడకి తట్టలేదు. తట్టి ఉంటే చెప్పుకోవడానికి ఈ కథే ఉండేది కాదు.

ఆవిడ తమ్ముడికి ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండి, ఏడిస్తే వీధి చివరిదాకా వినపడేదని ఇంట్లో మిరియం అని పిలిచేవారు. తర్వాత్తర్వాత మనిషి పెద్దగా ఎదగలేదు, నోరు మాత్రం బాగా ఎదిగింది. చిన్నప్పుడు సెలవులకి వచ్చి, అత్తయ్య వెంట పెట్టె ఎక్కి, ఇక దిగనని భీష్మించుకుని కూర్చుంది. చదువు అవ్వగానే అదే పట్టుమీద అదే బడిలో చేరింది. ఉండడం అత్తయ్య ఇంట్లోనే, మేడమీద రెండు గదుల వాటాలో. మెకానిక్కమ్మకి పెళ్ళీ పిల్లలూ లేరు. అదొక లోటని ఎవరూ అనలేదు, ఆవిడా అనుకోలేదు. పిల్ల వచ్చాక మాత్రం సాయంత్రం మెట్లెక్కుతుంటే లోపల్నుంచి పాటో తగాదాయో వినపడడం ఆవిడకి అలవాటైపోయింది.

బడిలో మాత్రం నన్ను చుట్టంగా చూడొద్దని మెకానిక్కమ్మ మొదటిరోజే చెప్పింది. నావల్ల నీకు ఆవగింజంత మేలు జరిగిందని ఎవరైనా అన్నారంటే ఇద్దరం తలెత్తుకోలేం అంది. పిల్ల దానికేం భాగ్యం అంది. దాని ధీమా దానిది. చేరిన కొద్ది నెలలకే అది పెట్టెని నడిపే తీరు చూసి, ఆఖరి పరీక్షలో మొదటి దెబ్బకే నెగ్గుతుందని తోటిపిల్లలు పందేలు కూడా కాసుకున్నారు.

ఆఖరి పరీక్ష అంటే విమానాన్ని దింపడం. మూడు అవకాశాలిస్తారు. మూడోసారి కూడా తప్పితే సామాను సర్దుకుని ఇంటికి పోవాల్సిందే.

మొదటిసారి అంతా సవ్యంగానే సాగింది. రన్‌వే ఎదురుగా వచ్చింది, వేగం తగ్గింది, చక్రాలు ఆనబోతున్నాయి. ఇంతలో ఎడమరెక్క ఒక్కసారిగా కిందికి వంగింది. తెర ఒరిగింది, గది ఒరిగింది, ఎర్రదీపం వెలిగింది. పక్కసీట్లో ఉన్న కెప్టెన్ తల అడ్డంగా ఊపి కిందికి దిగిపోయాడు.

మిరియం తిన్నగా మెకానిక్కమ్మ పనిగదికి వచ్చింది. "నేను తిప్పలేదు అత్తయ్యా. అదే ఒరిగింది" అంది.

పెట్టె దానంతటదే ఒరిగిందన్న ఫిర్యాదు కొత్తదేం కాదు. ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి. వస్తుంది, వెతకబోతే మాయమవుతుంది, మళ్ళీ ఎప్పుడో వస్తుంది. పాత యంత్రాలు మనుషుల ప్రాణాలు తోడేది ఇలాంటి దొంగజబ్బులతోనే. పూర్తిగా చెడిపోతే బాగుచెయ్యడం ఎంతో తేలిక.

మెకానిక్కమ్మ చూడలేదని అనడానికి లేదు. ఎప్పుడూ చూసినట్టే చూసింది. పిడి ఎంత తిరిగిందో కొలిచే చిన్న గుండ్రటి బిళ్ళ ఒకటి నేలపలక కింద ఉంటుంది. రేడియోలో సౌండు పెంచే మీట వెనక ఉండేది కూడా ఆ జాతిదే. దుమ్ము పడితే అక్కడ గరగర వస్తుంది, ఇక్కడ రెక్కలు అదురుతాయి. అందుకని ఫిర్యాదు రాగానే ఆవిడ సీటు వెనక్కి లాగేది. లాగకపోతే పలక లేవదు. పలక తీసి, బిళ్ళ తుడిచి, తీగ చివరి ప్లగ్గు పీకి మళ్ళీ గట్టిగా నొక్కి, పలక మూసేది. ఆ వెనక్కి లాగిన సీట్లోనే కూర్చుని పిడిని అటూ ఇటూ తిప్పి చూసేది. ఆవిడ పొడగరి, అక్కణ్ణుంచే చేతులు అందేవి. ఎప్పుడు చూసినా పెట్టె బుద్ధిగా ఉండేది. ఈసారీ అలాగే ఉంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఫిర్యాదులు ఎక్కువగా ఆడపిల్లల నుంచే వచ్చేవి. అందుకని బడిలో దానికి ఆడపిల్లల జబ్బని పేరు పెట్టారు. ఆడపిల్ల ఎక్కితే పెట్టెకి సిగ్గేసి మెలికలు తిరుగుతుందని జోకులేసేవారు. మెకానిక్కమ్మ కూడా నవ్వేది. వాళ్ళతో కూర్చుని నవ్వే చోటు సంపాదించుకోవడానికి ఆవిడకి చాలా ఏళ్ళు పట్టింది మరి.

కెప్టెన్ చెడ్డవాడేం కాదు. టీ తాగే గదిలో అందరి ముందూ అడిగాడు, మీ మేనకోడలని మొహమాటపడకండి, పెట్టెలో లోపముంటే ఈ పరీక్షని లెక్కలోకి తీసుకోను అన్నాడు. నేర్పేవాళ్ళు ముగ్గురు కప్పులు పట్టుకుని ఆవిడ వంకే చూస్తున్నారు.

"పెట్టెలో ఏం లేదండీ. పిల్ల చెయ్యి బరువు" అంది మెకానిక్కమ్మ.

అన్నాక ఆవిడకి బాధేం కలగలేదు. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగానే అనిపించింది, సొంత మనిషిని కూడా వెనకేసుకు రాలేదని.

రెండోసారీ అదే జరిగింది, అదే చోట, అలాగే. ఈసారి మిరియం పనిగదికి రాలేదు. ఇంటికి వచ్చాక, చెప్పులు విప్పకుండానే, గడపలో నిలబడి మొదలుపెట్టింది. నా చేతులు కదల్లేదని ఒట్టేసి చెప్తాను, పెట్టెలో ఏదో ఉంది, నువ్వొక్కసారి నా పక్కన కూర్చుని చూడు అని బతిమాలింది. పక్కన కూర్చుంటే రేపు బడంతా ఏమంటుందో మెకానిక్కమ్మకి తెలుసు. ఆవిడకి ఒళ్ళు మండింది.

"ఆడవాళ్ళు సాకులు చెప్తారని అనడానికి వాళ్ళు కాచుక్కూర్చున్నారు. నువ్వు వాళ్ళ నోటికి పని కల్పించకు" అంది. "నేను నా జీవితంలో ఒక్క సాకు చెప్పలేదు. నా ఇంట్లో ఉండి నువ్వు చెప్తావా?"

పిల్ల మొహం కందగడ్డలా అయింది. దాని నోరు తెలిసినవాళ్ళెవరైనా ఆ రాత్రికి ఇంటి పైకప్పు లేచిపోతుందనే అనుకుంటారు. అది మాత్రం చెప్పులు విప్పి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఇంట్లో పాటా లేదు, తగాదా లేదు. సాయంత్రాలు మంచం అంచున కూర్చుని, ఖాళీ కంచాన్ని పిడిలా రెండు చేతులా పట్టుకుని, వేళ్ళు వదులు చేసుకోవడం సాధన చేసేది. కంచంలో గోళీకాయ ఒకటి వేసుకుని, అది కదలకుండా కంచాన్ని ముందుకీ వెనక్కీ జరిపేది. మెకానిక్కమ్మ చూసి, పిల్ల దారికొచ్చిందని సంతోషించింది.

మూడో పరీక్ష రేపనగా, మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళిన వేళ, ఆవిడ పెట్టె ఎక్కింది. పైకప్పులో ఉన్న చిన్న దీపం ఒకటి మిణుకుమిణుకుమంటోంది, అది మార్చాలి. వెలుగుతోందో లేదో చూసుకోవాలి కాబట్టి పెట్టెని నడవనిచ్చింది. పొద్దున మిరియం సాధన చేసి దిగింది. సీటు ఎలా వదిలిందో అలాగే ఉంది. పొట్టిపిల్ల, కాళ్ళు అందడానికి చివరంటా ముందుకు జరుపుకుంటుంది. జరపడానికి బద్ధకించి మెకానిక్కమ్మ ఆ సీటు అంచునే ఒక మోకాలు ఆనించి, రెండు చేతులూ పైకెత్తి దీపం విప్పసాగింది.

ఎదురుగా ఉన్న మీటర్లో, నేల ఎటుందో చూపించే గీత ఎడమకి ఒరిగి, మళ్ళీ సర్దుకుంది. కాళ్ళకింద గది కూడా బుస్సుమని కదిలింది.

మోకాలు పిడికి తగిలి ఉంటుందనుకుంది. వంగి చూసింది. పిడి జానెడు దూరంలో ఉంది. మోకాలితో మళ్ళీ కాస్త నొక్కింది. గీత ఒరిగింది. ఆవిడ చేతులు రెండూ గాల్లోనే ఉన్నాయి. ఒక చేతిలో ఆ దీపం కూడా అలాగే ఉంది.

సీటుని వెనక్కి లాగి కూర్చుంది, ఊగింది, ఎగిరెగిరి కూర్చుంది. ఏమీ లేదు. ముందుకి, చివరంటా జరిపి మోకాలు మోపింది. గీత ఒరిగింది. ఇలా ఎన్నిసార్లు చేసిందో ఆవిడకే తెలీదు. ఎక్కడో ఒకచోట తను పొరపాటు పడి ఉంటే బాగుండునని మాత్రం ప్రతిసారీ అనుకుంది.

పలక తీసి టార్చి వేసింది. ఎప్పుడూ చూసే బిళ్ళ వైపు కాదు, అవతలి మూలకి. సీటు చివరంటా ముందుకొచ్చినప్పుడు దాని ముందుకాళ్ళు సరిగ్గా పలక మూలమీద పడతాయి. బరువు పడితే ఆ మూల వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. దాని కింద, బిళ్ళ నుంచి పోయే తీగ నలిగి ఉంది. పైతొడుగు నున్నగా అరిగిపోయింది, లోపలి రాగిపోగులు ఒకటీ అరా మిగిలాయి. దిగేటప్పుడు ఎవరైనా కాళ్ళు బిగబట్టి ముందుకి వంగుతారు. ఆ బరువంతా ఆ తీగమీదే పడుతుంది. పొడుగువాళ్ళు ఎవరూ సీటుని అంత ముందుకి జరపరు. పొట్టివాళ్ళు జరుపుతారు. అది ఆడపిల్లల జబ్బు కాదు, సీటు జబ్బు.

అయినా తీగకి అక్కడేం పని? మొదట అది గోడవెంట, అట్టల వెనకనుంచి వెళ్ళేది. ప్లగ్గు చూడాల్సి వచ్చినప్పుడల్లా సగం గోడ విప్పాల్సి వస్తోందని దాన్ని దగ్గరిదారిలో నేలకిందకి మార్చిందెవరో కాదు, మెకానిక్కమ్మే. అప్పుడు కెప్టెన్ ఎంత తెలివైన పనండీ అని మెచ్చుకున్నాడు కూడా.

ఆవిడ పలక పక్కనే కూలబడింది. అది భయం కాదు, కోపం కాదు, అచ్చంగా సిగ్గు. చెవులు వేడెక్కాయి, మెడ వంగిపోయింది. ఎవరూ లేని ఆ పెట్టెలో ఎవరో తనని చూస్తున్నట్టు చీర కొంగు సర్దుకుంది. నా ఇంట్లో ఉండి నువ్వు సాకు చెప్తావా అన్న మాట తన గొంతుతోనే మళ్ళీ మళ్ళీ వినపడింది. తర్వాత మిరియానికి ముందున్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే గుర్తొచ్చారు. అందులో ఒకమ్మాయి మరీ పొట్టిది. మూడుసార్లూ తప్పి ఇంటికి పోయింది. ఇప్పుడు బజారు మలుపులో మందుల షాపులో పనిచేస్తోంది. అటు వెళ్ళినప్పుడు అద్దంలోంచి కనబడితే, పాపం, అందరికీ రావద్దూ అనుకుని జాలిపడేది మెకానిక్కమ్మ. ఆ జాలి తలుచుకుంటే ఇప్పుడు మరీ చచ్చేంత సిగ్గేసింది.

సాయంత్రంలోపు కొత్త తీగ వేసి, పాత దారిలోనే గోడవెంట తీసుకెళ్ళి బిగించింది. సీటు ముందుకి జరిపి, ఎంత బరువు మోపినా గీత కదల్లేదు. చెయ్యాల్సిన పని చాలావరకు అయింది. మిగిలింది నోరు విప్పి చెప్పడమే. కెప్టెన్ గది దాకా వెళ్ళింది. లోపల ఎవరో కొత్తవాళ్ళున్నారు, బడి చూసిపోవడానికి వచ్చినవాళ్ళు. ఆవిడని చూడగానే కెప్టెన్ లేచి, మాటల్లోనే వచ్చారు, మా పెట్టెకి ప్రాణం ఈవిడే అన్నాడు. ఈవిడ బాగుందంటే పెట్టె బాగున్నట్టే, సొంత మేనకోడలినైనా సరే వదల్లేదు, అంత నిప్పులాంటి మనిషి అని చెప్పాడు. వాళ్ళు ఆవిడ వంక మెచ్చుకోలుగా చూశారు. ఏంటి సంగతని కెప్టెన్ అడిగాడు.

"ఏం లేదండీ. పైన దీపం మార్చాను, అదే చెప్దామని" అంది మెకానిక్కమ్మ.

మెట్లు దిగుతూ తనకి తాను నచ్చచెప్పుకుంది. పెట్టె బాగైంది, పిల్ల రేపు ఎలాగూ నెగ్గుతుంది, కావలసింది అదే కదా అనుకుంది. పరీక్ష ముందు దాని మనసు పాడుచెయ్యడం దేనికి, తర్వాత నిదానంగా చెప్పొచ్చు అనుకుంది. జీవితంలో ఒక్క సాకు చెప్పని మనిషి గేటు దాటేలోపు బోలెడు సాకులు చెప్పుకుంది.

ఇంటికెళ్ళేసరికి మిరియం మంచం అంచున కూర్చుని ఉంది. ఒళ్ళో కంచం, కంచంలో గోళీకాయ. చాలా రోజుల తర్వాత తనంతట తనే పలకరించింది. "చూడు అత్తయ్యా, ఇలా పట్టుకుంటే సరేనా?" అంది.

ఆవిడ పిల్ల వేళ్ళ వంక చూసింది. కంచం ఆనీ ఆననట్టుగా ఉంది. ఇంకాస్త వదిలితే జారిపోతుంది. ఏదైనా అనాలి. ఎప్పుడూ అనే మాటే అంది. "ఇంకొంచెం తేలిగ్గా" అంది. అనేసి వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, కడగడానికి ఏమీ లేకపోయినా ఆ నీళ్ళకింద చేతులు పెట్టుకుని నిలబడింది.

మర్నాడు మిరియం నెగ్గింది. విమానం వెన్నలా దిగిందన్నారు చూసినవాళ్ళు. తోటిపిల్లలు చప్పట్లు కొట్టారు. చెయ్యి ఎంత తేలికపడిందో చూశారా, మేనత్త శిక్షణ అంటూ కెప్టెన్ అందరికీ చెప్పాడు. మెకానిక్కమ్మ పనిగదిలోనే ఉండిపోయింది. బల్లమీద పాత తీగముక్క ఉంది. దాన్ని సొరుగులో వేసి, మళ్ళీ తీసి, మళ్ళీ వేసింది.

మిరియం అక్కడికే వచ్చింది. మొహం వెలిగిపోతోంది. వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు చెప్పిందే నిజం అత్తయ్యా. నా చెయ్యే బరువు" అంది. "ఊరికే పెట్టెమీదికి తోశాను. నిన్ను కూడా నలుగురిలో ఇబ్బంది పెట్టాను. మనసులో పెట్టుకోకు."

కొట్టినా అంత తగిలేది కాదు మెకానిక్కమ్మకి. పిల్ల చేతుల్లోంచి తన చేతులు లాక్కుని, సొరుగులోంచి తీగముక్క తీసి బల్లమీద పెట్టింది. పెట్టి చెప్పింది. సీటు సంగతి, పలక సంగతి, తీగని అటు మార్చింది తనేనన్న సంగతి, అన్నీ చెప్పింది. నీ చెయ్యి ఎప్పుడూ బరువు కాదు, మొదటి రోజు నుంచీ నువ్వు చెప్పిందే నిజం అంది. మాటలు తడబడ్డాయి గానీ ఏదీ దాచలేదు.

మిరియం తీగముక్కని చేతిలోకి తీసుకుని, నలిగినచోట గోటితో తడిమింది. కోపం వస్తుందనుకుంది మెకానిక్కమ్మ. తిట్టినా బాగుండుననుకుంది.

"నీకెప్పుడు తెలిసింది?" అంది పిల్ల.

ఇవాళ పొద్దున అని చెప్పేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నిన్న మధ్యాహ్నం" అంది మెకానిక్కమ్మ.

పిల్ల తల పైకెత్తలేదు. "అయితే నిన్న సాయంత్రం నీకు తెలుసు."

"తెలుసు."

మిరియం తీగముక్కని బల్లమీద పెట్టి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఇంటికి రాలేదు. స్నేహితురాలి గదిలో ఉంటానని ఫోన్లో కబురు పెట్టింది, అదీ పొడిపొడిగా.

మెకానిక్కమ్మ ఈసారి కెప్టెన్ గది ఖాళీ అయ్యేదాకా ఆగలేదు. మర్నాడు టీ వేళకి టీ గదికే వెళ్ళి, నేర్పేవాళ్ళందరూ ఉండగానే చెప్పింది. గదిలో నవ్వులు ఆగిపోయాయి. కెప్టెన్ మొహంలో రంగు మారింది. తను ఎంతమందిని పరీక్షలో తప్పించాడో ఆయనకీ ఆ క్షణాన గుర్తొచ్చి ఉంటుంది. మిరియం మొదటి రెండు పరీక్షలూ లెక్కలోంచి కొట్టేస్తానని వెంటనే అన్నాడు. పాతవాళ్ళ సంగతి మాత్రం ఇప్పుడు తవ్వడం దేనికండీ, వాళ్ళ దారులు వాళ్ళు చూసుకున్నారు కదా, బడికి చెడ్డపేరు అని నీళ్ళు నమిలాడు. పాతవాళ్ళని పిలిచి మళ్ళీ పరీక్ష పెట్టాలని ఆవిడ అడిగింది. చూద్దాం అన్నాడు. ఆ చూద్దాం ఎలాంటి చూద్దామో అక్కడున్న అందరికీ తెలుసు.

ఆ సాయంత్రమే ఆవిడ బజారు మలుపులో మందుల షాపుకి వెళ్ళింది. షాపులో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ఆ అమ్మాయి చెక్కపీట ఎక్కి పైఅరలోంచి సీసా ఒకటి తీస్తోంది. దిగి, ఆవిడని చూసి, వెంటనే గుర్తుపట్టింది. ఏం కావాలండీ అని అడిగింది, అందరినీ అడిగినట్టే.

దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ వదిలేసింది మెకానిక్కమ్మ. గాజుబల్ల మీద చేతులు ఆనించి, వెనకవాళ్ళు వింటున్నా సరే, సూటిగా చెప్పేసింది.

"ఆ రోజు లోపం పెట్టెలోనే ఉందమ్మా. సీటు ముందుకి జరిపితే కింద తీగ నలిగేది. ఆ తీగ వేసింది నేనే. నీ చేతిలో ఏ తప్పూ లేదు."

ఆ అమ్మాయి ఆశ్చర్యపోలేదు. చేతిలోని సీసాని బల్లమీద పెట్టి, దాని మూత బిగిసి ఉందో లేదో చూసింది.

"తెలుసండీ" అంది. "నా చెయ్యి సంగతి నాకు తెలీదా?"

తప్పయిపోయిందమ్మా అంది మెకానిక్కమ్మ. కెప్టెన్‌ని అడిగాను, నిన్ను మళ్ళీ పిలవమని చెప్పాను అనబోయి, ఆ చూద్దాం గుర్తొచ్చి ఆగిపోయింది.

"మీకు అప్పుడే చెప్పాను" అంది ఆ అమ్మాయి. గొంతులో కోపం కూడా లేదు. "టీ గదిలో, మీ ఎదురుగా నిలబడి చెప్పాను. వాళ్ళందరూ నవ్వారు. వాళ్ళు నవ్వుతారని తెలిసే వచ్చాను లెండి. మీరున్నారు కదా అని వచ్చాను. మీరూ నవ్వారు."

అని, వెనకాయన చేతిలోని చీటీ అందుకుంది. మెకానిక్కమ్మ దారి వదిలి పక్కకి జరిగింది. వెళ్ళిపోవడానికి మాత్రం కాళ్ళు రాలేదు.